కోశారా, దింపారా?

కోనసీమ ఊళ్లలో 31 ఏళ్లు తెలుగు మాస్టారుగా పనిచేశాను. అందులో ఎన్నో సాయంత్రాలు అయిదో తరగతి పిల్లల్ని నవోదయ ప్రవేశ పరీక్షకు తయారుచెయ్యడంలోనే గడిచాయి. మన వైపు ఉమ్మడి తూర్పు గోదావరికి పెద్దాపురంలో, ఉమ్మడి పశ్చిమ గోదావరికి పెదవేగిలో నవోదయ విద్యాలయాలున్నాయి. ఆరో తరగతిలో ఒక్కోదానిలో 80 సీట్లకు మించవు. పరీక్ష 2 గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. లెక్కలకూ బొమ్మల ప్రశ్నలకూ కంగారుపడే తల్లిదండ్రులు తెలుగు మాటెత్తితే "మన భాషే కదండీ మాస్టారూ" అని ఊరుకుంటారు. నేను పెట్టిన మాదిరి పరీక్షల్లో తెలివైన పిల్లలు కూడా జారిపోయింది ఆ తెలుగులోనే, అందులోనూ క్రియల దగ్గర. ఆ క్రియల గురించే ఈ నాలుగు మాటలు.

1. గైడులో ఉన్న పర్యాయపదాలతో పని అయిపోయిందనుకోకండి.

గైడు తెరవండి. చంద్రుడు, సముద్రం, తామర, ఏనుగు. అన్నీ పేర్లే. ఇది ఇవాళ మొదలైంది కాదు. అమరకోశం అసలు పేరే నామలింగానుశాసనం. మన తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రాసింది ఆంధ్రనామ సంగ్రహం, అడిదము సూరకవి రాసింది ఆంధ్రనామ శేషం. పుస్తకాల పేర్లలోనే నామం ఉంది. చంద్రుడికి పది మాటలు గడగడా చెప్పే పిల్లాణ్ణి "పరిగెత్తు"కు మూడు చెప్పమంటే నోరు తెరిచి చూస్తాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఎవరూ నేర్పలేదు.

2. వాక్యం లేకుండా క్రియను అడగకండి.

ఈ పాఠం నాకు నేర్పింది ఒక పదేళ్ల పిల్లాడు. నేను మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మాదిరి పేపరు రాసి ఇచ్చాను. "కోయు"కు దగ్గర అర్థం వచ్చే మాట గుర్తించమన్నాను. ఇచ్చిన నాలుగు మాటల్లో తెంపు, దించు రెండూ ఉన్నాయి. నేననుకున్న జవాబు తెంపు. ఆ పిల్లాడు దించు పెట్టాడు. ఎర్ర సిరాతో కొట్టేశాను. వాడు అప్పుడేమీ అనలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "మాస్టారండీ, మా నాన్న కాయ కొయ్యరండీ, దింపుతారండీ" అన్నాడు.

వాళ్ల నాన్నది కొబ్బరి దింపు పని. ఆ ఊళ్లో ఎవరూ కొబ్బరికాయలు కోశాం అనరు. "ఇవాళ మా తోటలో దింపు" అంటారు, దింపయ్యాక ఒలుపు. మల్లెపువ్వు గురించి అడిగితే తెంపు సరైన జవాబు. కొబ్బరి గురించి అడిగితే వాడిదే సరైన జవాబు. నేను రెండూ అడగలేదు, ఉత్త మాట ఇచ్చి ఊరుకున్నాను. మర్నాడు అందరి ముందూ వాడి మార్కు వాడికిచ్చి, ఎందుకిచ్చానో చెప్పాను. ఆ తర్వాత వాక్యం లేని ప్రశ్న నేనెప్పుడూ రాయలేదు. నవోదయలో కూడా పేరా ఇచ్చి దాని మీదే ప్రశ్నలు అడుగుతారు. కాబట్టి జవాబు పెట్టే ముందు ఆ మాటను పేరాలోని వాక్యంలో పెట్టి చదువుకోవడం పిల్లలకు అలవాటు కావాలి.

3. పొలం పనులు పేరు పేరునా చెప్పించండి.

దున్నడం, దమ్ము చెయ్యడం, ఊడ్చడం, కొయ్యడం, నూర్చడం, తూర్పారబట్టడం, చెరగడం, జల్లించడం. ఒక్క వరి చుట్టూ ఇన్ని క్రియలు. వంటింట్లోకొస్తే కూరగాయలు తరుగుతాం, పెసలు ఏరుతాం, కారం దంచుతాం, పిండి రుబ్బుతాం. డెల్టా పిల్లలకు ఇవన్నీ ఇంట్లోనే దొరుకుతాయి. ఊడ్చడమంటే చీపురుతో తుడవడమనీ తెలుసు, నారు నాటడమనీ తెలుసు, ఊడ్పులు మన మాటే కదా. "అధికారులను తూర్పారబట్టారు" అని పత్రికలో వస్తే గాలికి ధాన్యం ఎగరబోయడం చూసిన పిల్లకు ఆ కోపం ఎంతటిదో వెంటనే తెలుస్తుంది. ఈ మాటల విలువ పెద్దలు ఎప్పుడో గుర్తించారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, 1962లో, వ్యవసాయ పదాలదే. మన పిఠాపురం సంస్థానం పోషించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా గ్రంథాలయంలో ఉంటే తీయించి పిల్లలకు చూపించండి. ఒక క్రియ కింద ఎన్ని అర్థాలుంటాయో కళ్లారా చూస్తారు.

4. క్రియ వేషం మార్చుకుని వస్తుంది.

"వెళ్లు, పోవు, ఏగు, అరుగు, చను" అని అప్పజెప్పిన పిల్లలే పాత కథ పేరాగా వచ్చి అందులో "అడవికి అరిగెను" అని ఉంటే ఆగిపోతారు. చెప్పు అరిగింది, అన్నం అరిగింది, అడవికి అరిగెను. ఈ మూడూ పక్కపక్కన రాయించండి. "కని" కూడా అంతే. దూరాన కొండను కని అంటే చూసి, బిడ్డను కని అంటే ప్రసవించి. జాబితాలో ఉండే రూపం ఒకటి, పేరాలో వచ్చే రూపం ఇంకొకటి.

5. "ఇంచు" తీసి చూడటం నేర్పండి.

వీక్షించు, స్మరించు, రక్షించు, పఠించు. ఇంచు తీసేస్తే వీక్షణ, స్మరణ, రక్షణ, పఠనం కనిపిస్తాయి. సంస్కృతం నుంచి వచ్చిన క్రియల్లో చాలావాటికి అర్థం ఇలా పిల్లలే పట్టుకుంటారు. ఒక్క జాగ్రత్త. నవ్వు, నవ్వించు పర్యాయపదాలు కావు. ఒకరు నవ్వుతారు, ఇంకొకరు నవ్విస్తారు. తిను, తినిపించు కూడా అంతే. తొందరలో పిల్లలు ఇక్కడే పడతారు.

6. మర్యాద కూడా అర్థంలో భాగమే.

భుజించు, ఆరగించు, మెక్కు మూడూ తినడమే. దేవుడు ఆరగిస్తాడు. మెక్కాడు అన్నామంటే తిట్టినట్టే. వచ్చినవాళ్లను "దయచెయ్యండి" అంటాం, బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అంటాం, పెద్దవాళ్లు పోతే "కాలం చేశారు" అంటాం. ఇంట్లో ఈ మాటలు వింటూ పెరిగిన పిల్లలు తేడా ఇట్టే పట్టేస్తారు. వినని పిల్లలకు మనమే వినిపించాలి.

7. రోజుకు రెండు క్రియలు చాలు.

ఒక్కోదానికి మూడు మాటలు, ఒక్కో మాటకు పిల్లలు సొంతంగా చెప్పిన వాక్యం. పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఏ ప్రశ్నా వదిలెయ్యొద్దని కూడా చెప్పండి. సైనిక్ స్కూలుకు రాసే పిల్లలకూ ఇదే పద్ధతి. అక్కడ ఆరో తరగతి ప్రవేశానికి భాషలో 25 ప్రశ్నలకు 50 మార్కులు, ఆ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ రాత్రి అన్నాల దగ్గర మీరు పొద్దుట్నుంచి చేసిన పనులన్నీ పిల్లలకు చెప్పండి. "పని చేశాను" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఏ పనికి మీరు ఏ మాట వాడతారో ఆ మాటతోనే చెప్పండి.