నీటిపై మూడు తరములు

సముద్రముపై విహరించుటకై నిర్మింపబడిన పెద్ద నౌకలు నేడు ప్రపంచమున అనేకము కలవు. ఒక్కొక్క నౌకలో వేలకొలది జనులు ప్రయాణము చేయుదురు. వానియందు భోజనశాలలు, ఈతకొలనులు, నాటకశాలలు, వైద్యశాలలు ఉండును. తాతలును, తండ్రులును, మనుమలును ఒక్క కుటుంబముగా కూడి అట్టి నౌకలలో కొన్ని దినములు గడపుట పలు దేశములలో పరిపాటియైనది. 2022వ సంవత్సరమున మన విశాఖపట్టణమునుండియు అట్టి విహారనౌక యొకటి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు ప్రయాణికులను కొనిపోయెను.

మా వనపర్తికి సముద్రము చాల దూరము. కాని కృష్ణానది దగ్గరనే యున్నది. మహాబలేశ్వరమున పుట్టిన యీ నది మహారాష్ట్ర, కర్ణాటకములను దాటి తెలంగాణమున ప్రవేశించును. గద్వాలకు సమీపమున జూరాల ఆనకట్టను దాటి, అలంపురము చేరువను తుంగభద్రను కలుపుకొని, కొల్లాపురము దరి నల్లమల కొండలలోనికి చొచ్చుకొనిపోవును. 2016వ సంవత్సరమున మహబూబ్‌నగరు జిల్లానుండి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు మూడింటిని తాకుచు పారునది ఈ నదియే. జలాశయము నిండియున్న దినములలో నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిలనుండి శ్రీశైలమునకు పర్యాటక శాఖవారి లాంచి పోవుచుండును. ఆ లాంచిపై మా కుటుంబము చేసిన ప్రయాణమునుగూర్చి మీకు చెప్పెదను.

మా తల్లి నాతో వనపర్తిలో ఉన్నది. అక్కయు బావగారును గద్వాలలో మగ్గముపై చీరలు నేయుచు జీవించుచున్నారు. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. పండుగలకు తప్ప మేమందరమును ఒక్కచోట చేరుట అరుదు. ఒక దసరానాడు తమ్ముడు, “అమ్మా! అందరమును కలిసి ఎచటికైన పోవుదము. సముద్రపు నౌక యెక్కుదువా?” అని యడిగెను.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, “సముద్రముతో నాకేమి పని నాయనా? నన్ను కృష్ణమీదికి కొనిపొండు. దాని ముఖము చూచి నలువదియేండ్లు దాటినవి” అనెను.

మేము ఒకరి ముఖము లొకరము చూచుకొంటిమి. 2016లో కృష్ణాపుష్కరములకు వాడవాడయు కదలిపోయినను ఆమె కదలలేదు. “ఆ నీటిలో నేను మునుగను” అని మాత్రమే యనెను. ఆమె మాటకు కారణము మాకు తెలియును, పిల్లలకు తెలియదు.

కార్తికమాసమున ఒక ప్రాతఃకాలమున మేము పదునొకండుగురము సోమశిల చేరితిమి. అందరిలో పెద్దది మా తల్లి. చిన్నవాడు నాలుగేండ్ల వయసుగల తమ్ముని కుమారుడు. ఒడ్డున మెట్లు దిగగనే విశాలమైన నీరు కనబడెను. మత్స్యకారులు పుట్టులలో కూర్చుండి వలలు తీయుచుండిరి. వెదురుతో అల్లి, నీరు చొరకుండ వెలుపల కప్పు వేసిన గుండ్రని తెప్పయే పుట్టి. పూర్వము ఈ ప్రాంతమువారు ఏరు దాటుటకు అదియే ఆధారము.

లాంచి యెక్కగనే పనివారు అందరికిని రక్షణకవచములను ఇచ్చిరి. మా తల్లి నవ్వి, “పుట్టిలో పుట్టి పెరిగినదానను. నాకిదేల?” అని త్రోసివేసెను. అపుడు బావగారు మెల్లగా, “అత్తా! 2007వ సంవత్సరపు సంక్రాంతి దినములలో సింగోటము జాతరకు పోవు పడవ ఈ నదిలోనే మునిగి ఎందరో మరణించిరి గదా. వారిలోను ఈతనెరిగినవారుండిరి” అనిరి. ఆమె మారుమాటాడక కవచము తొడిగించుకొనెను. నీటిపై పోవువారు తమకు ఈత వచ్చునని గాని, నది శాంతముగా నున్నదని గాని కవచమును విడువరాదు.

లాంచి కదలెను. పిల్లలు పైయంతస్తునకు పరుగెత్తిరి. తోటి ప్రయాణికులు పాటలు పాడుచుండిరి. ఆవలియొడ్డున సంగమేశ్వరమున్న దిక్కును సరంగు చూపెను. ఏడు నదులు కూడుచోటని ప్రసిద్ధిగన్న ఆ స్థలమున వేపమాను లింగము గల గుడి యున్నది. జలాశయము నిండినపుడు గుడి మునిగిపోవును. వేసవిలో నీరు తగ్గినపుడు మరల బయటపడును. అప్పుడే యాత్రికులకు దర్శనము.

“ఊరు మునిగిన మరల బయటపడునా?” అని నా కుమార్తె అడిగెను. ఆమె ఎనిమిదవ తరగతి చదువుచున్నది.

మా తల్లి ఆమె చేయి పట్టుకొని లాంచి అంచునకు తీసికొనిపోయెను. ఎడమయొడ్డున రెండు గుట్టలు దగ్గర దగ్గరగా కనబడుచుండెను. వాని నడుమ పల్లము వంటి చోటు కలదు.

“అమ్మా! ఆ సందున ప్రొద్దు క్రుంకునపుడు మా పసులు ఇల్లు చేరెడివి. ఆ గుట్టలకు ఈవల, ఇప్పుడు మన లాంచి పోవుచున్న చోటనే మా ఊరు” అని ఆమె చెప్పెను.

పిల్ల క్రిందికి చూచెను. పచ్చని నీరు తప్ప మరేమియు లేదు.

శ్రీశైలము ఆనకట్టకు 1963వ సంవత్సరమున నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1981 నాటికి నీరు నిలుపుటకు అంతయు సిద్ధమయ్యెను. జలాశయపు పూర్తిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. ఆ మట్టమునకు లోబడిన నూరుకు పైగా గ్రామములు కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఖాళీ చేయబడెను. మా పల్లె వానిలో నొకటి. అప్పటికి నా వయసు ఆరేండ్లు. కూలిన గోడల దుమ్మును, బండ్లపై ఎక్కిన కోళ్ల అరపులును తప్ప నాకు మరేమియు జ్ఞాపకము లేదు.

మా తల్లికి అంతయు జ్ఞాపకమే. ఆమె ఒక్కొక్కటే చెప్పుచుండగా పాటలు పాడువారుకూడ పాట నాపి దగ్గరకు వచ్చిరి. ఊరి నడుమ చింతచెట్టు. దాని ప్రక్కను దిగుడుబావి. ఏటి ఒండ్రులో వేసిన జొన్న చేలు. వేసవిలో ఇసుకపై పండించిన దోసకాయలు. “చేను అమ్ముకొన్నవాడు ఎప్పుడైన మరల కొనుక్కొనవచ్చును. మునిగినదానిని ఎవ్వరును కొనలేరు” అని ఆమె చెప్పెను. వచ్చిన పరిహారము ఎగువను చేను కొనుటకు చాలలేదు. మా తండ్రి కూలికి పోయెను.

పాలమూరు కూలీలు దేశమున పలు ప్రాంతములలో ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. మా తండ్రి వారిలో నొకడై పరరాష్ట్రములలో పదునాలుగేండ్లు పనిచేసెను. ఆనకట్టవలన ఇల్లు పోగొట్టుకొన్నవాడు ఆనకట్టలు కట్టియే బిడ్డలను పోషించెను.

“మరి గుళ్లను మాత్రము తరలించిరి గదా, అవ్వా! మా పుస్తకములో చదివితిని” అని నా మేనల్లుడు అనెను. అతడు చెప్పినది నిజము. కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును, పాపనాశి గుళ్లను రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించి మరల కట్టిరి. జటప్రోలులోని మదనగోపాలస్వామి ఆలయమును, సోమశిలలోని సోమేశ్వరాలయమును కూడ ఎగువకు చేర్చిరి. వేయేండ్లనాటి శిల్పములు ఆ శ్రద్ధవలన నిలిచినవి.

“అవును నాయనా, రాళ్లకు అంకెలు వేసి తరలించిరి. మంచిపని. మా యిండ్లకు అంకెలు వేయువారు లేకపోయిరి. అయినను మీ తాత ఒకటి తెచ్చినాడు” అని ఆమె నవ్వెను.

“ఏమది?”

“మన వనపర్తి యింటి ద్వారబంధము. నీ పొడవు కొలిచి ఏటేట గీతలు గీయుచున్నారే, అదియే. గోడలు కూలిన నాడు దానిని మాత్రము ఊడదీసి బండిపై వేసికొని వచ్చినాడు. మూడు అద్దెయిండ్లలో అది గోడకు ఆనించియే యుండెను. సొంత యిల్లు కట్టిననాడు నిలిపినాడు.”

నా కుమార్తె చాలసేపు మాటాడలేదు. పుట్టిననాటినుండి తాను దాటుచున్న గడప ఈ నీటి క్రింది ఊరిదని ఆమె యెరుగదు.

సరంగు ఇదంతయు విని యుండెను. దారిలో లాంచి నిలుపుటకు అతనికి అనుమతి లేదు. కాని యంత్రపు వేగమును కొంత తగ్గించెను. మా తల్లి కొంగుముడి విప్పి గుప్పెడు జొన్నలు తీసి నీటిలో విడిచెను. అవి క్షణకాలము తేలి మునిగిపోయెను. ఆమె ఏడ్వలేదు. “పోనిమ్ము నాయనా, వేగముగానే పోనిమ్ము” అని సరంగుతో చెప్పెను.

అపుడు నా కుమార్తె అడుగవలసిన ప్రశ్ననే యడిగెను: “అవ్వా! అట్లయిన ఈ ఆనకట్ట కట్టుట తప్పా?”

మా తల్లి వెంటనే బదులు చెప్పలేదు. ఈ జలాశయపు నీరే కొల్లాపురము దరి ఎల్లూరువద్ద యంత్రములచే ఎత్తిపోయబడి నాగర్‌కర్నూలు, కల్వకుర్తి ప్రాంతముల పొలములకు పారుచున్నది. శ్రీశైలమున ఈ నీటితోనే విద్యుత్తు పుట్టుచున్నది. ఒకప్పుడు వలసపోయిన మా బంధువులే కొందరు నేడు ఆ నీటితో వరి పండించుచున్నారు. ఆ బియ్యము మా యింటికిని వచ్చును.

“తప్పని నేననను. నీరు పోయినచోట అన్నము పుట్టినది. నేనును తినుచున్నాను. కాని ఆ అన్నము తినువారికి ఎవరి ఊరు మునిగినదో తెలిసియుండవలెను. అది తెలియకుండుటయే తప్పు” అని ఆమె చెప్పెను.

కొంతసేపటికి పిల్లలు మరల ఆటలలో పడిరి. నది ఇరుకై, మలుపులు తిరుగుచు, నల్లమలలోనికి ప్రవేశించెను. ఇరుప్రక్కల కొండలు గోడలవలె నిలిచెను. ఒడ్డునున్న చెట్లనుండి నెమళ్ల కేకలు వినబడెను. ఈ యడవులు పెద్దపులులకు ఆశ్రయములు. మధ్యాహ్నము అందరమును కలిసి భుజించితిమి. అక్క గద్వాలనుండి తెచ్చిన సజ్జరొట్టెలను, వేరుసెనగ పొడిని అపరిచితులకుకూడ పంచిపెట్టెను. చిన్నవాడు మా తల్లి ఒడిలోనే నిద్రించెను. పిదప దారిలో అక్కమహాదేవి గుహలున్న చోటును చూచితిమి. పండ్రెండవ శతాబ్దమున కన్నడ వచనములు చెప్పిన ఆ శివభక్తురాలు అచట తపస్సు చేసెనని ప్రతీతి.

మా తల్లి ఆనాడు బావగారు నేసిన చీరను కట్టుకొనియుండెను. గద్వాల చీరకు నడుమ నూలు, అంచునను కొంగునను పట్టు. తమ్ముడు నాతో, “అమ్మను సంతోషపెట్టుటకు తెచ్చి దుఃఖపెట్టితిమి కాబోలు” అనెను. బావగారు విని, “నూలు వేరు, పట్టు వేరు. రెంటిని పోగు పోగు కలిపిననే మా చీర. కలుపుచోటనే మా కష్టమంతయు” అని ఆ అంచును చూపిరి. తమ్ముడు మరల ఆ మాట యెత్తలేదు.

సుమారు ఏడు గంటల ప్రయాణమునకు పిదప సాయంకాలమున శ్రీశైలముచెంత పాతాళగంగ రేవును చేరితిమి. లాంచి దిగి, మా తల్లి మెట్టుపై నిలిచి వంగి దోసిట నీరు తీసికొనెను. పుష్కరమునకు రాని ఆమె ఆ నీటిని తలపై చల్లుకొనెను. పిమ్మట చిన్నవాని తలపైనను చల్లెను. మరునాడు మల్లికార్జునస్వామిని సేవించి, ఆనకట్టనుకూడ చూచితిమి. పండ్రెండు ద్వారములు గల ఆ మహానిర్మాణము కొండల నడుమ గంభీరముగా నిలిచియుండెను. ఆమె దానిని తలయెత్తి చూచి, “దీనికొరకు ఎందరి చేతులు పనిచేసినవో!” అని మాత్రమే యనెను.

మేము వనపర్తి చేరునప్పటికి రాత్రి యయ్యెను. నా కుమార్తె దీపము వెలిగించి, ద్వారబంధముపై తన పొడవు గీతలకన్న పైన ఒక గీత గీసి, దానిప్రక్కను మా పల్లె పేరు వ్రాసెను. “అదేల?” అని నేనడుగగా, “ఇది జలాశయపు పూర్తిమట్టము, నాయనా. దీనిక్రిందనే మనమందరము పెరిగితిమి” అని చెప్పెను.

విద్యార్థులారా! మీరును మీ పెద్దలతో విహారమునకు పోవునపుడు క్రొత్త ప్రదేశములను చూచుటతో తృప్తిపడకుడు. వారి ప్రక్కను కూర్చుండి, “ఇచట పూర్వమేమి యుండెడిది?” అని అడుగుడు. వారు చెప్పక మిగిలిపోయిన ఊరు రెండవమారు మునుగును.

ప్రశ్నలు

1. రచయిత తల్లి కృష్ణాపుష్కరములకు ఏల పోలేదు? పాతాళగంగవద్ద ఆమె చేసిన పని ఏమి?
2. శ్రీశైలము జలాశయమువలన తరలింపబడిన ఆలయములను పేర్కొనుము.
3. “కలుపుచోటనే మా కష్టమంతయు” – ఈ మాట లెవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి? వాని భావమేమి?
4. నీటి ప్రయాణమున పాటింపవలసిన జాగ్రత్త యేది? పాఠమున దానికి చూపబడిన కారణమేమి?
5. మీ యింటిలోని మిక్కిలి పాత వస్తువును గూర్చి మీ తాతను గాని, అవ్వను గాని అడిగి, వారు చెప్పిన విషయమును పది వాక్యములలో వ్రాయుము.