ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాతే విమానం

తార్నాక

తల్లీ,

పదివేలు కూడబెట్టుకున్నానని, అందులో మొదటి ఆర్సీ (రేడియో కంట్రోల్) విమానం ఏది కొనుక్కోవాలో చెప్పమని అడిగావు. నా మాట వింటే విమానం కొనకు. ఆ డబ్బులో సగం మంచి ట్రాన్స్‌మిటర్‌కు పెట్టు, మిగిలినదాంట్లో ఎక్కువభాగం బ్యాటరీకి, ఛార్జర్‌కు, మోటారుకు పోతుంది. విమానాన్ని మాత్రం ఫోమ్ షీటుతో నువ్వే చేసుకో. కొత్తవాళ్ల చేతిలో విమానం కూలడం ఖాయం. అలా కూలినప్పుడు ఏం పోతుందో, ఏం మిగులుతుందో ముందే చూసుకోవాలి. రెక్క విరుగుతుంది, ప్రొపెల్లర్ ముక్కలవుతుంది, ఒక్కోసారి మోటారు షాఫ్ట్ వంగుతుంది. నీ చేతిలో ఉన్న ట్రాన్స్‌మిటర్‌కు మాత్రం గీత కూడా పడదు. ఆరు ఛానెళ్ల ఫ్లైస్కై ఐ6 లాంటిది రిసీవర్‌తో కలిపి సుమారు రూ.5,000 ఉంటుంది. ఈ విమానం పోయినా తర్వాత చేసే నాలుగింటికీ అదే పనికొస్తుంది. ఫోమ్ షీట్లు, జిగురు కలిపినా ఐదారు వందలు దాటవు. పోయేదాని మీద తక్కువ, నిలిచేదాని మీద ఎక్కువ పెట్టమంటున్నాను.

ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి ఆకారం సంగతి లెక్కతోనే చెప్తాను. రెక్క మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకో. వైశాల్యం 2,000 చదరపు సెంటీమీటర్లు. మొత్తం బరువు 600 గ్రాములైతే, వేగం గంటకు దాదాపు 25 కిలోమీటర్లకు తగ్గేదాకా అది స్టాల్ అవదు, అంటే పైకి లేపే బలం కోల్పోదు. సైకిల్ గట్టిగా తొక్కినంత వేగం అది. అదే బరువును సగం వైశాల్యం ఉన్న ఫైటర్ జెట్ రెక్కల మీద పెడితే ఆ వేగం 35 అవుతుంది. పదే కదా అనిపిస్తుంది. కానీ గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక నేలను తాకేటప్పుడు దెబ్బ రెట్టింపు. పైగా తప్పు దిద్దుకోవడానికి నీకు దొరికే సమయం నాలుగోవంతుకు పైగా తగ్గిపోతుంది. అందుకే రెక్క పెద్దదిగా ఉండాలి. అది బాడీకి పైన ఉండాలి, దాని రెండు చివరలూ కాస్త పైకి లేచి ఉండాలి. అలాంటి విమానం ఒక పక్కకు ఒరిగినా, స్టిక్ వదిలేస్తే చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. థ్రాటిల్, ఎలివేటర్, రడ్డర్, ఈ మూడూ చాలు. ఐలెరాన్లు రెండో విమానానికి.

తయారీ నువ్వు భయపడేంత కష్టం కాదు. ప్రాజెక్టు వర్కులకు వాడే ఫోమ్ బోర్డుకు రెండు వైపులా కాగితం ఉంటుంది కదా, పైకాగితాన్నీ ఫోమ్‌నీ బ్లేడుతో కోసి అడుగుకాగితం వదిలేస్తే అదే ఎలివేటర్‌కు మడత అవుతుంది. ఆ గాడిని ఏటవాలుగా చెక్కితే రెండు వైపులా ఆడుతుంది. చిన్న ఎలక్ట్రానిక్ సామాన్ల కోసం కోఠి గుజరాతీ గల్లీలో వాకబు చెయ్యి. అన్నీ బిగించాక రెక్క కింద, ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగోవంతు దగ్గర రెండు వేళ్లు పెట్టి ఎత్తు. ముక్కు కొంచెం కిందికి వాలితే మంచిది. తోక వాలితే మాత్రం ఎగరేయకు, బ్యాటరీని ముందుకు జరుపు. ఈ ఒక్క పరీక్ష మానేస్తే మిగతా శ్రమంతా వృథా.

రెండు మూడు వేలకే ఎగరడానికి సిద్ధంగా ఉన్న బొమ్మ విమానం వస్తుంటే ఇదంతా ఎందుకంటావేమో. గైరో ఉన్న అలాంటి బొమ్మ గాలి లేనప్పుడు హాయిగానే ఎగురుతుంది, కాదనను. అయితే చాలావాటిలో రిసీవర్, మోటారు కంట్రోలు ఒకే బోర్డు మీద ఉంటాయి. ఆ బోర్డు పోతే రిమోట్ ఇంకో విమానానికి పనికిరాదు. పరీక్షల మధ్య కట్టుకునే తీరిక ఎక్కడుందంటే, అది న్యాయమైన అభ్యంతరమే. అంత తీరిక లేకపోతే ఈపీపీ ఫోమ్ ట్రైనర్ కిట్ కొనుక్కో, కానీ ట్రాన్స్‌మిటర్ విషయంలో తగ్గకు. మధ్యలో ఆసక్తి పోతే ఎలాగని మీ అమ్మ అడుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా కొనుక్కునేది ట్రాన్స్‌మిటర్‌నే, విరిగి అతికించిన విమానాన్ని ఎవరూ కొనరు. ట్రాన్స్‌మిటర్ కూడా కొనకముందే ఆర్సీ విమానాల ఉచిత సిమ్యులేటర్ ఒకటి దించుకుని ఫోన్లో ఓ నెల సాధన చెయ్యి. విమానం నీ వైపు వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి, అది వేళ్లకు అలవాటు కావాలి.

ఉస్మానియా క్యాంపస్ నీ హాస్టల్ ముందే విశాలంగా కనిపిస్తుంది గానీ, పొద్దున ప్రశాంతంగా ఉండే గంటలోనే వాకింగ్‌కు వచ్చేవాళ్లు నిండుగా ఉంటారు. 600 గ్రాముల వస్తువు, తిరుగుతున్న ప్రొపెల్లర్ ఒక ముసలాయన మీద పడితే ఏమవుతుందో ఊహించు. బేగంపేట నుంచి 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్లాయే గాని అక్కడి రన్‌వే మూతపడలేదు, అదీ మనకు ఎంతో దూరం కాదు. 2021 డ్రోన్ నిబంధనలు రెక్కల విమానాలకూ వర్తిస్తాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. కాబట్టి డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చోటు చూడు, రిజిస్ట్రేషన్ సంగతి కూడా తెలుసుకో, యూనివర్సిటీని రాతపూర్వకంగా అడుగు. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఉంటుంది, ఆ క్యాడెట్లను పరిచయం చేసుకుంటే మొదటిసారి పక్కన నిలబడే మనిషి దొరుకుతారు. సంక్రాంతి రోజుల్లో మాత్రం వద్దు, ఆకాశమంతా మాంజానే.

లైపో బ్యాటరీ హాస్టల్ గదిలో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకు, ఎండలో స్కూటర్ డిక్కీలో వదలకు. వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు దుకాణాల్లో అడిగిన ధరలన్నీ ఒక కాగితం మీద రాసుకురా. గ్లూ గన్, ఉక్కు స్కేలు ఇంట్లోనే ఉన్నాయి, అవి కొనకు.

మీ పెద్దనాన్న