పల్లెపాటకు పట్నంలో పరీక్ష

జానపద గేయమంటే ఎవరు కట్టారో తెలియని పాత పాట అని మనం తరగతిలో చదువుకున్నాం. ఆ లెక్కన కవి పేరు తెలిసిన పాట జానపదం కాకూడదు. కాని గోరటి వెంకన్న గారి "పల్లె కన్నీరు" పాట సంగతి చూడండి. కట్టినవారి పేరు తెలిసినా జనం దానిని తమ పాటగానే పాడుకుంటున్నారు. అందుచేత ఆ పాటనూ, దానికి లభించిన ఆదరణనూ కొంచెం పరిశీలించడం మంచిది.

వెంకన్న గారిది పాలమూరు ప్రాంతంలోని గౌరారం. 2002లో విడుదలైన "కుబుసం" చలనచిత్రం ద్వారా ఈ పాట ఊరూరా వినిపించింది. ఆ రోజులు ఎటువంటివి? 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తిని పురుగు తినేసి, అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. 1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. రెండూ ఒకే రాష్ట్రంలో, ఏడాది తిరక్కుండా జరిగినవే. ఆ రెంటి మధ్య ఉన్న దూరమే ఈ పాటకు బలం.

పల్లెపాట యంత్రంలోకి ఎక్కడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1927లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ బ్రిస్టల్ అనే ఊరికి రికార్డింగు సామాను తీసుకొనిపోయి, కార్టర్ కుటుంబం చేత, జిమ్మీ రోజర్స్ చేత పాడించాడు. కంట్రీ మ్యూజిక్ వ్యాప్తికి అది పెద్ద మలుపు. అయితే యంత్రం ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటుంది. ఆరుబయట డప్పు మీద పాడేవాడు జనం ముఖాలు చూసి చరణం పెంచుతాడు, ఆ ఊరి పేరు కలుపుతాడు. రికార్డులో ఆ వీలు లేదు. కాని గాయకుడు పోలేని ఊళ్ళకు కూడా అది పోతుంది.

ఇక పాట చెప్పేది నిజమా? కులవృత్తులు చితికినాయనీ, నీళ్ళు అడుగంటినాయనీ దాని బాధ. నీళ్ళ సంగతి సైన్సు విద్యార్థిగా చూస్తాను. తెలంగాణలో చాలా భాగం గట్టిరాతి నేల. నీరు పైనున్న మెత్తని పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. పక్క చేలో బోరు వేసి లోతు నుంచి తోడితే మన బావి మట్టం దిగిపోతుంది. అప్పుడు మనమూ బోరు వేస్తాం. బోరు పడకపోతే అప్పు మిగులుతుంది. బోర్లను అదుపు చేయడానికి 'వాల్టా' చట్టం వచ్చింది కూడా 2002లోనే. పాటా, చట్టమూ ఒకే జబ్బును పట్టుకున్నాయన్న మాట.

ఒక ఆక్షేపణ ఉన్నది. పాత పల్లె అందరికీ చల్లనితల్లి కాదు గదా! 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను గొప్ప చేసేవారిని గట్టిగానే విమర్శించారు. వెట్టిచాకిరీ చేసినవాడికి పోయిన రోజుల మీద మమకారం ఎందుకుంటుంది? ఇది న్యాయమైన ప్రశ్నే. అయినా పాత కట్టుబాట్లు పోవాలని కోరుకోవడం వేరు, బతుకుతెరువే పోవడం వేరు. కొలిమి ఆరిపోతే కులం ఆరిపోదు. కమ్మరి మాత్రం పట్నం దారి పడతాడు.

సైబర్ టవర్స్‌కు దగ్గరలోనే శిల్పారామం ఉన్నది. 1992లో వెలిసింది. అక్కడి గ్రామీణ ప్రదర్శనశాలలో వృత్తిపనివారి బొమ్మలు టిక్కెట్టు కొని చూస్తాం. బొమ్మ కుమ్మరి లోపల ఉన్నాడు. అసలు కుమ్మరి కొడుకు మెడలో గుర్తింపు కార్డుతో కంపెనీలోకి పోతున్నాడా, గేటు దగ్గర కాపలా నిలబడ్డాడా? ఆ లెక్క తీసినప్పుడే ఈ పాటకు మనం జవాబు చెప్పినట్లు.

అంతవరకూ మన చేతిలో ఉన్న పని ఒకటి చేద్దాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మమ్మల నాట్ల పాటలు, కోతల పాటలు ఫోనులో పట్టి, పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి కళాశాల గ్రంథాలయంలో ఉంచుదాం. వచ్చే ఏటి సంచికకు అవే మంచి వ్యాసాలవుతాయి.