విశ్వవిద్యాలయ ప్రవేశావకాశాలు: ముందుగా అంచనా వేసుకొనే విధానం

ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడిన నాడు ఇంటింటా వినబడే ప్రశ్న ఒకటే: "ఈ ర్యాంకుకు సీటు వస్తుందా?" బంధువులు ఒక మాట చెబుతారు, శిక్షణ కేంద్రాలవారు మరొక మాట చెబుతారు. నిజానికి ఈ ప్రశ్న వేసుకొనవలసిన సమయం ఫలితాల నాడు కాదు, పదవ తరగతి పూర్తి అయిన నాడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సీటు మార్కుల మీద మాత్రమే ఆధారపడి ఉండదు. విద్యార్థి ఎక్కడ నివసిస్తున్నాడు, ఎక్కడ చదివాడు, ఏ ధ్రువపత్రం చూపగలడు అన్న మూడు విషయాలు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. బ్రతుకుతెరువు కోసం ఊరు మారిన కుటుంబాలకు ఈ మూడూ చిక్కు ప్రశ్నలే. యానాంలోని అగ్రహారాన్ని ఉదాహరణగా తీసుకొని, అంచనా వేసుకొనే పద్ధతిని ఈ పాఠం వివరిస్తుంది.

1. అగ్రహారంలో ఒక కుటుంబం

యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఇక్కడ మాట్లాడేది తెలుగు. కాకినాడ గంట ప్రయాణంలో ఉన్నది. అయినను పూర్వపు ఫ్రెంచి పాలన కారణంగా, 1954 తరువాత యానాం పుదుచ్చేరిలో భాగమయినది. రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది. ఈ భౌగోళిక వైచిత్రి విద్యార్థి భవిష్యత్తును నేరుగా తాకుతుంది.

అగ్రహారంలో ఒక కుటుంబం ఉన్నదని భావించుకొనవచ్చును. తండ్రి చేపల వ్యాపారంలో పనిచేస్తాడు. కుమార్తె మొదటి నుండి ప్రభుత్వ పాఠశాలలోనే చదివి, పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నది. వైద్యవిద్య ఆమె కోరిక. అది దక్కకపోతే ఇంజనీరింగు చదవాలని ఆలోచన. అందుకే జీవశాస్త్రం, గణితం రెండూ తీసుకొనదలచినది. ఇంటివారి ముందు మూడు దారులున్నవి. యానాంలోనే 11, 12 తరగతులు చదివించడం ఒకటి. అప్పు చేసి కాకినాడలోనో విజయవాడలోనో వసతిగృహంతో కూడిన ఇంటర్మీడియట్ కళాశాలలో చేర్పించడం రెండవది. హైదరాబాదులో స్థిరపడిన మేనమామ ఇంటికి పంపడం మూడవది. ఇంటిలో చర్చ అంతా ఏ కళాశాలలో బాగా చెబుతారన్న దాని చుట్టూనే తిరుగుతుంది. ఏ దారిలో వెళితే ఏ అర్హత మిగులుతుంది, ఏది పోతుంది అన్న ప్రశ్న సాధారణంగా ఎవరికీ తట్టదు.

2. నాలుగు ద్వారాలు, నాలుగు కొలతలు

మొదటి ద్వారం పుదుచ్చేరి ప్రభుత్వ కోటా. దీనిని సెంటాక్ నిర్వహిస్తుంది. ఇందిరాగాంధీ వైద్య కళాశాల, పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయం వంటి సంస్థలలోని ప్రభుత్వ కోటా సీట్లు దీని ద్వారా భర్తీ అవుతాయి. ఇక్కడి ముఖ్య కొలత నివాసం. రెవెన్యూ శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం దీనికి ఆధారం. వైద్యవిద్యలో ప్రాంతాల వారీ వాటాలు కూడా ఉన్నవి. కారైకాల్‌కు 18 శాతం, మాహేకు 4 శాతం, యానాంకు 3 శాతం. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన వారికి 2023 నుండి వైద్య సీట్లలో 10 శాతం అంతర్గత రిజర్వేషను అమలులో ఉన్నది.

రెండవ ద్వారం జాతీయ సాంకేతిక సంస్థలు, అనగా ఎన్‌ఐటీలు. ప్రతి ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రానికి కేటాయిస్తారు. అయితే ఇక్కడ సొంత రాష్ట్రమంటే పుట్టిన రాష్ట్రం కాదు, తల్లిదండ్రులున్న రాష్ట్రమూ కాదు. విద్యార్థి 12వ తరగతి ఉత్తీర్ణత పొందిన రాష్ట్రమే సొంత రాష్ట్రం. పుదుచ్చేరి ఎన్‌ఐటీ కారైకాల్‌లో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలో ఉన్నది.

మూడవ ద్వారం పొరుగు తెలుగు రాష్ట్రాల కోటా. ఇక్కడి కొలత స్థానికత. 371-డి అధికరణం కింద వెలువడిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలయిన ఈ విధానంలో ప్రధాన నియమం ఇది: అర్హత పరీక్షతో ముగిసే నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఆ ప్రాంతంలోనే చదివి ఉండవలెను. వైద్య ప్రవేశాలలో నాలుగేండ్ల చదువును కోరే తెలంగాణ నియమాలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించినది.

నాలుగవ ద్వారం అఖిల భారత సీట్లు. ప్రభుత్వ వైద్య కళాశాలలలో 15 శాతం సీట్లు, జిప్మర్‌లోను ఎన్‌ఐటీలలోను సాధారణ సీట్లు, సీయూఈటీ ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయాల సీట్లు ఈ కోవలోనివి. ఇక్కడ ఊరితో పని లేదు, ర్యాంకే కొలత. అయితే జిప్మర్‌లో పుదుచ్చేరి నివాసులకు కొన్ని సీట్లు వేరుగా కేటాయించి ఉన్నవి.

ఇప్పుడు అగ్రహారం బాలిక ముందున్న దారులను ఈ కొలతలతో పరిశీలించవచ్చును. యానాంలోనే చదివితే నివాసం నిలుస్తుంది, ప్రభుత్వ పాఠశాల విద్యార్థినిగా అర్హత నిలుస్తుంది, కారైకాల్ ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రపు వాటా కూడా దక్కుతుంది. కాకినాడ ప్రైవేటు కళాశాలకు వెళితే తల్లిదండ్రులు అగ్రహారంలోనే ఉన్నందున నివాస అర్హతను నిలుపుకొనే వీలు ఉండవచ్చును. కాని ప్రభుత్వ పాఠశాల కోటా చేజారే ప్రమాదమున్నది. ఎన్‌ఐటీల లెక్కలో ఆమె ఆంధ్రప్రదేశ్ విద్యార్థిని అవుతుంది. కారైకాల్ వాటా పోయి తాడేపల్లిగూడెం వాటా వస్తుంది. అయితే ఆంధ్రప్రదేశ్ వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో మాత్రం స్థానికత రాదు, ఆమె అక్కడ చదివినది రెండేండ్లే గనుక. హైదరాబాదు దారిలోను చిక్కు ఇదే. పదవ తరగతి తరువాత ఊరు మారిన విద్యార్థి రెంటికీ చెడిన రేవడి అయ్యే ప్రమాదం ఇక్కడనే ఉన్నది.

దీనిని బట్టి కాకినాడ వెళ్ళరాదని అర్థం కాదు. మెరుగైన బోధన వలన ర్యాంకు బాగుపడితే, పోయిన వాటాకు అది పరిహారం కావచ్చును. కాని ఆ తూకం తెలిసి చేయవలెను. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు సీబీఎస్ఈ విధానానికి మారినవి. నీట్, జేఈఈ పరీక్షల పాఠ్యాంశాలకు ఆధారమైన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే అక్కడ చదివిస్తారన్నది కూడా ఆ తూకంలో వేయవలసిన విషయం.

3. మార్కు, పర్సంటైల్, ర్యాంకు

ఈ మూడింటిని కలగాపులగం చేయడం వలన అనేక కుటుంబాలు పొరబడుతున్నవి. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. జేఈఈ మెయిన్‌లో 98 పర్సంటైల్ వచ్చినదంటే, పరీక్ష వ్రాసిన నూరుమందిలో 98 మంది ఆ విద్యార్థితో సమానంగానో అంతకంటె తక్కువగానో ఉన్నారని అర్థం. పరీక్ష వ్రాసినవారు 10 లక్షల మంది అనుకొంటే, మిగిలిన 2 శాతం అనగా 20,000 మంది ముందున్నారు. ర్యాంకు సుమారు 20,000 అవుతుంది. "98 వచ్చినది" అని సంతోషించిన ఇంట, ర్యాంకు చూచిన నాడు నిరాశ కలగడానికి కారణం ఈ లెక్క ముందుగా వేసుకొనకపోవడమే.

మార్కులను ఒక ఏడాదితో మరొక ఏడాదిని పోల్చడం కూడా ప్రమాదకరం. నీట్ 2024లో తుది సవరణ తరువాత 17 మందికి 720కి 720 మార్కులు వచ్చినవి. 2025లో మొదటి ర్యాంకు విద్యార్థికి వచ్చినవి 686 మాత్రమే. ప్రశ్నపత్రం కఠినత మారితే అవే మార్కులకు ర్యాంకు పూర్తిగా మారిపోతుంది. కనుక పోల్చవలసినది ర్యాంకును మాత్రమే.

4. చిన్న కోటా, పెద్ద ఊగిసలాట

యానాం వాటా 3 శాతం. ఒక కళాశాలలో ప్రభుత్వ కోటా సీట్లు నూరు అనుకొంటే యానాంకు దక్కేవి మూడు. అవి తిరిగి సామాజిక వర్గాల వారీగా విడిపోతే, ఒక్కొక్క వర్గానికి ఒక సీటు ఉండవచ్చును, లేదా ఏమీ ఉండకపోవచ్చును. వందల సీట్లున్న చోట చివరి ర్యాంకు ఏటేటా కొద్దిగానే మారుతుంది. ఒకే సీటున్న చోట చివరి ర్యాంకు అంటే ఆ ఏడాది ఆ సీటు తీసుకొన్న ఒక్క విద్యార్థి ర్యాంకు. ఒక ఏడాది ప్రతిభావంతురాలు ఒకరు ఉంటే ద్వారం ఇరుకవుతుంది. మరుసటి ఏడాది ఎవరూ లేకపోతే విశాలమవుతుంది.

ఉదాహరణ కోసం కల్పించిన అంకెలను చూడవచ్చును. ఒక వర్గానికి యానాం వాటాలో ఒకే సీటు ఉన్నది. వరుసగా ఐదు సంవత్సరాలలో ఆ సీటు ముగిసిన అఖిల భారత ర్యాంకులు ఇవి:

మొదటి ఏడాది 1,10,000
రెండవ ఏడాది 1,85,000
మూడవ ఏడాది 90,000
నాలుగవ ఏడాది 1,40,000
ఐదవ ఏడాది 1,20,000

మాదిరి పరీక్షలను బట్టి బాలికకు 1,30,000 ర్యాంకు వచ్చునని ఉపాధ్యాయులు అంచనా వేసినారు. రెండవ ఏడాది ముగింపును మాత్రమే చూచిన తండ్రి సీటు ఖాయమనుకొంటాడు. మూడవ ఏడాది ముగింపును మాత్రమే చూచిన బంధువు ఆశ వదులుకొమ్మంటాడు. ఇద్దరూ పొరబడినవారే. ఆ ర్యాంకుతో రెండవ, నాలుగవ ఏడాదులలో సీటు వచ్చి ఉండేది. మిగిలిన మూడింటిలో రాదు. అవకాశం ఐదింట రెండు. అది నిరాశ పడవలసినంత తక్కువ కాదు. దానినే నమ్ముకొని వేరే దరఖాస్తులు మానివేయదగినంత ఎక్కువా కాదు. ఒకే ఏడాది ముగింపు ర్యాంకును ఆధారం చేసుకొనరాదన్నది ఈ పాఠంలోని ముఖ్య సూత్రం.

5. ధ్రువపత్రం ఊరితో పాటు రాదు

వలస కుటుంబాలు తప్పక తెలుసుకొనవలసిన తీర్పు ఒకటి ఉన్నది. తెనాలిలో జన్మించిన ఒక తెలుగు విద్యార్థి తొమ్మిదేండ్ల వయసులో తండ్రి ఉద్యోగం కారణంగా బొంబాయి చేరి, అక్కడనే 12వ తరగతి వరకు చదివినాడు. అతని కులం ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినది. బొంబాయి వైద్య కళాశాలలలో ఆ రిజర్వేషను కింద సీటు కోరగా నిరాకరించినారు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు చెప్పినది. ఒక రాష్ట్రానికి సంబంధించి గుర్తించిన కులం లేదా తెగ హోదా, ఆ వ్యక్తి వలస వెళ్ళిన మరొక రాష్ట్రంలో దానంతట అది వర్తించదు.

కేంద్ర సంస్థల అఖిల భారత సీట్లకు మాత్రం సొంత రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ ధ్రువపత్రం చెల్లుతుంది. ఓబీసీ విషయంలో కేంద్ర జాబితాలో కులం పేరు ఉండవలెను. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన చాలదు. తాళ్ళరేవు నుండియో అమలాపురం నుండియో వచ్చి యానాంలో స్థిరపడిన కుటుంబాలు, యానాం నుండి చెన్నైకో హైదరాబాదుకో తరలిన కుటుంబాలు తమ ధ్రువపత్రం ఏ ద్వారం వద్ద చెల్లుతుందో ముందే రెవెన్యూ కార్యాలయంలో తెలుసుకొనవలెను. రిజర్వేషను ర్యాంకును నమ్ముకొని, పరిశీలన నాడు సాధారణ వర్గంలోకి మారవలసి వస్తే అంచనా అంతా తలక్రిందులవుతుంది.

6. మూడు కొమ్మల జాబితా

అంచనా పూర్తి అయిన తరువాత సంస్థలను మూడు వర్గాలుగా వ్రాసుకొనవలెను. గత ఐదేండ్లలో ఒకటి రెండు సార్లు మాత్రమే ఆ ర్యాంకుకు సీటు వచ్చినవి ఎత్తు కొమ్మలు. మూడు నాలుగు సార్లు వచ్చినవి అందే కొమ్మలు. ప్రతి ఏడాదీ వచ్చినవి చేతిలోని కొమ్మలు. ప్రతి వర్గంలోను కనీసం రెండు ఉండవలెను. అగ్రహారం బాలికకు వైద్య సీటు ఎత్తు కొమ్మ. ఇంజనీరింగులో అందే కొమ్మలను ఆమె సెంటాక్, జోసా ముగింపు ర్యాంకులలో వెదకుకొనవలెను. యానాంలోని డాక్టర్ ఎస్.ఆర్.కె. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో డిగ్రీ చేతిలోని కొమ్మ. చేతిలోని కొమ్మను చులకన చేయరాదు. డిగ్రీ తరువాత కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర విద్యకు దారి అక్కడి నుండి కూడా ఉన్నది.

ఐచ్ఛికాలు నమోదు చేసేటప్పుడు చాలామంది ఎత్తు కొమ్మను పైన వ్రాయడానికి భయపడతారు. పైన వ్రాసినది దక్కకపోతే క్రిందివి కూడా పోవునన్నది అపోహ. జోసా విధానంలో పై ఐచ్ఛికం దక్కనప్పుడు తరువాతి దానిని పరిశీలిస్తారు. క్రింది వాటికి నష్టం లేదు. కనుక నిజమైన కోరిక క్రమంలోనే వ్రాయవలెను. సీటు వచ్చిన తరువాత ఫ్రీజ్ అంటే అదే చాలునని, స్లయిడ్ అంటే అదే సంస్థలో మెరుగైన శాఖ కావాలని, ఫ్లోట్ అంటే ఏ సంస్థలోనైనా పై ఐచ్ఛికం కావాలని అర్థం. గడువులోగా రుసుము చెల్లించకపోతే వచ్చిన సీటు కూడా పోతుంది.

7. అభ్యాసం

ప్రతి కుటుంబమూ ఒక కాగితం మీద ఈ క్రింది వాటికి సమాధానాలు వ్రాసుకొనవలెను.

అ) విద్యార్థి 9 నుండి 12 వరకు ఒక్కొక్క తరగతి ఏ రాష్ట్రంలో, ఏ రకపు పాఠశాలలో చదివినాడు, లేదా చదువనున్నాడు?
ఆ) నివాస ధ్రువపత్రం ఏ రాష్ట్రం నుండి లభిస్తుంది?
ఇ) కుల ధ్రువపత్రం నాలుగు ద్వారాలలో వేటి వద్ద చెల్లుతుంది?
ఈ) కోరిన ప్రతి సంస్థకు, తన కోటాలో, తన వర్గంలో గత ఐదేండ్ల చివరి ర్యాంకులు ఏవి?
ఉ) మూడు కొమ్మలలో ప్రతి దానికి కనీసం రెండు పేర్లున్నవా?

నియమాలు ఏటేటా మారవచ్చును గనుక, ఆ సంవత్సరపు సమాచార పత్రికను స్వయంగా చదివి సరిచూచుకొనవలెను. అగ్రహారం కుటుంబం ఈ కాగితాన్ని పదవ తరగతి సెలవులలోనే వ్రాసుకొన్నదనుకొంటే, బాలిక ఎక్కడ చదువుతుందో వారే నిర్ణయించుకొంటారు. అప్పు చేసినా, చేయకపోయినా, దానికి ప్రతిగా ఏమి వస్తున్నదో, ఏమి పోతున్నదో తెలిసి చేస్తారు. రెండేండ్ల తరువాత ఫలితాలు వెలువడిన నాడు ఆ ఇంట "సీటు వస్తుందా?" అన్న ప్రశ్నకు ఎవరి మాట కోసమూ ఎదురు చూడవలసిన అవసరం ఉండదు.