రాజకాలువ: దేవనహళ్ళి సీమలో నీటి దారి

దేవనహళ్ళికి ఉత్తరాన నిలిచిన నందికొండల పరిసరాలలోనే పెన్నానది పుట్టి, అనంతపురం, కడప సీమలను దాటి నెల్లూరు దిగువన సముద్రంలో కలుస్తున్నది. దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి నదులకు కూడ అదే జన్మస్థానం. ఇన్ని నదులకు పుట్టినిల్లయినా ఈ తాలూకాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. నదులు ఇక్కడ పుడతాయే గాని ఇక్కడ నిలువవు.

పూర్వులు దీనికి కనిపెట్టిన ఉపాయం గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువుకు చేరుతుంది. తూము తీసి వంతుల ప్రకారం మళ్ళకు నీరు వదలటానికి నీరుగంటి ఉండేవాడు. వేసవిలో తీసిన పూడికమట్టి పొలాలకు ఎరువయ్యేది. దేవనహళ్ళి పంపరపనసకు (ఇక్కడివారు చక్కోత అంటారు) ఆ తీపి రావడానికి ఈ నేలా, ఈ నీరూ కారణమని పెద్దల మాట. ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

చెరువును చెరువుతో కలిపే ఆ పెద్ద కాలువను కన్నడంలో రాజకాలువె అంటారు. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రకటనను అనువదిస్తూ నేను దానిని ‘మురుగుకాలువ’ అని వ్రాశాను. చదివిన ఒక పెద్దాయన, “మురుగు మనం వదిలినది, కాలువ చెరువుది” అని దిద్దారు. పేరు మురుగుకాలువ అయితే అందులో చెత్త పోయడానికి ఎవరికీ చేయి వెనుకాడదు. నాటి నుండి రాజకాలువ అనే వ్రాస్తున్నాను.

ఈ గొలుసు తెగడానికి కారణం ఒక్కటి కాదు. బోరుబావులు వచ్చిన తరువాత చెరువుపై శ్రద్ధ సడలినది. అడుగున ఉన్నది గట్టి రాతినేల. పగుళ్ళలో దొరికినంతే నీరు. అందువల్ల వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు ఎన్నో. భూగర్భజలాన్ని మితిమీరి తోడిన తాలూకాలలో మనది ఒకటి. మెట్టచేలలో నీలగిరి తోటలు పెరిగినవి. వాటిని కొత్తగా నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించినది. చెరువు అడుగు మట్టిని కడిగి తీసే ‘ఫిల్టర్ ఇసుక’ చేసిన చేటు వీటికి తక్కువేమీ కాదు. నగరపు ఇళ్ళ కోసం మన చెరువుల గర్భాన్ని తవ్వినట్లయినది.

2008 మే నెలలో సుమారు 4,000 ఎకరాలలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత పొలాలు సైట్లుగా మారడం వేగమందుకొన్నది. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. 30×40 అడుగుల సైటుపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడే నీరు 1,100 లీటర్ల పైమాటే. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వానను లెక్కిస్తే 89,000 లీటర్లు. మట్టినేల అయితే అందులో కొంత ఇంకుతుంది. కాంక్రీటు పరిస్తే దాదాపు అంతా నిమిషాలలో వీధిలోకి దుముకుతుంది. కాలువ పూడి ఉంటే ఇళ్ళలోకే వస్తుంది. వానాకాలంలో ముంపు, వేసవిలో ట్యాంకరు, రెండూ ఒకే తప్పు ఫలితాలు.

నేడు హెబ్బాళ–నాగవార లోయ పథకం ద్వారా బెంగళూరులో శుద్ధిచేసిన వాడుకనీరు ఈ ప్రాంతపు చెరువులకు వస్తున్నది. పట్టణంలోని సిహినీరు కెరె, అంటే మంచినీళ్ళ చెరువు, అలాగే మళ్ళీ నిండినది. ఎండిన బావులలో ఊట కనిపించడం సంతోషమే. అయితే ఆ నీటికి జరుగుతున్నది రెండవ దశ శుద్ధి. మూడవ దశ కూడ కావాలని రైతులు కోరుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదనే నా అభిప్రాయం. భూమిలోకి దిగిన మలినాన్ని తిరిగి తీయడం చెరువు నింపినంత సులభం కాదు.

సైటు కొనదలచిన వారు, లేదా ఇంటి ప్రహరీ కట్టదలచిన వారు, ముందుగా సర్వే శాఖవారి గ్రామ నక్ష చూడండి. చెరువులు, వాటిని కలిపే కాలువలు అందులో గీతలుగా ఉంటాయి. నేలపై కాలువ కనిపించకపోయినా, నక్షలో గీత ఉన్నచోట వాననీరు ఆ దారినే వెతుక్కొంటూ వస్తుంది.