సెల్ఫ్ మార్చే ముందు

అల్లుడూ,

బోటు సెల్ఫ్ స్టార్టరు పోయిందనీ, కొత్తది కొని నువ్వే బిగిస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోటు ఎలాగూ రేవులోనే ఉంటుంది. తొందరేం లేదు కనుక అడుగుతున్నా, సెల్ఫ్ పోయిందని ఎవరు తేల్చారు?

స్విచ్ నొక్కగానే ‘టక్’మని ఊరుకుంటే అందరూ నేరం సెల్ఫ్ మీదే వేస్తారు. నన్నడిగితే, అంతర్వేది ఉప్పుగాలికి ముందు చచ్చేది కేబుల్. పైకి నిగనిగలాడుతుంది. తొడుగు చివర కాస్త కోసి చూస్తే రాగి పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. మీటర్ ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ పెద్ద బోల్టు మీద పెట్టి, ఎవరినైనా స్విచ్ నొక్కమను. అర వోల్టు దాటి చూపిస్తే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. మైనస్ నుంచి సెల్ఫ్ బాడీకి కూడా అలాగే చూడు. ఎర్త్ సంగతి ఎవరూ పట్టించుకోరు.

వరదకో వానకో ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయేమో అన్న అనుమానం ఏమాత్రం ఉన్నా స్విచ్ జోలికి పోకు. ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఖర్చు పదింతలవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తప్పు సెల్ఫ్‌దే అయితే అప్పుడు విప్పు. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్, చివర అదే పెట్టు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వోల్టులు, పినియన్ పళ్లు, తిరిగే వైపు, బోల్టు రంధ్రాలు సరిచూసుకో. మన బోట్లలో చాలావాటికి లేలాండ్ లారీ ఇంజిన్లే కదా, షాపువాడు ‘ఇదే అదే’ అనేస్తాడు. నమ్మకు, పళ్లు లెక్కపెట్టు.

సెల్ఫ్ తీసిన రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజిన్ మెల్లగా తిప్పుతూ ఫ్లైవీల్ రింగు చుట్టూ చూడు. ఇంజిన్ ఆగినప్పుడల్లా ఇంచుమించు అవే చోట్ల ఆగుతుంది. నాలుగు సిలిండర్లదైతే ఎదురెదురుగా రెండు చోట్ల, ఆరు సిలిండర్లదైతే మూడు చోట్ల పళ్లు అరుగుతాయి. అక్కడ పళ్లు కొరికేసినట్టుంటే కొత్త పినియన్ కూడా నాలుగు నాళ్లకే పోతుంది.

సెల్ఫ్ కూర్చునే మొహం ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్దు. సెల్ఫ్ బాడీ గుండానే కరెంటు తిరిగి వెళ్లాలి, మధ్యలో పెయింటు ఉండకూడదు. పాతదాని కింద షిమ్ములుంటే దాచి మళ్లీ వెయ్యి. సోలనాయిడ్ నట్టు బిగించేటప్పుడు లోపలి నట్టుకి ఇంకో పానా ఆనించు, లేకపోతే బోల్టు తిరిగి మూత పగులుతుంది. బిగించాకే నట్టు పైన గ్రీజు రాయి, కింద కాదు. పది సెకన్లు మించి నొక్కకు. ఇంజిన్ అందుకోకపోతే ఒక నిమిషం ఆగు. అందుకున్నాక కిర్రుమంటూనే ఉంటే పినియన్ వెనక్కి రావట్లేదన్నమాట, వెంటనే ఆపెయ్.

సెల్ఫ్ లేని రోజుల్లో హ్యాండిల్ వెనక్కి కొట్టి మణికట్టు విరగ్గొట్టుకున్న సరంగులను నేనెరుగుదును. అమెరికాలో కెటరింగ్ చేసిన సెల్ఫ్ 1912 కాడిలాక్ కారుకే వచ్చింది, మన రేవుకి మాత్రం తాపీగా చేరింది. అది వచ్చాక మనవాళ్లు లంగరు కట్టి ఉంచడం మరిచారు. పాటు వేళ వశిష్ఠ మొగలో ఇంజిన్ ఆగి, సెల్ఫ్ అందుకోకపోతే బోటు సముద్రంలోకే పోతుంది. అప్పుడు ఆపేది లంగరే. తాడు కొస కట్టే ఉందో లేదో ఇవాళే చూడు.

కేబుల్‌కి చిలుం పట్టి ఉంటే ముక్క అతికించకు, మొత్తం కొత్తది వెయ్యి. దాని ఖర్చు నాది.

మీ మావయ్య