ఆగని పరుగు

కెనడా దేశపు పడమటి తీరానికి దగ్గరలో పోర్ట్ కొకిట్లమ్ అనే ఊరు ఉంది. రాలీ ఫాక్స్, బెట్టీ ఫాక్స్ దంపతులు తమ నలుగురు పిల్లలతో అక్కడ నివసించేవారు. వారి రెండో కొడుకు టెర్రీ 1958లో పుట్టాడు. బాస్కెట్‌బాల్ ఆట అంటే అతనికి ప్రాణం.

1977లో టెర్రీ కుడికాలి ఎముకకు క్యాన్సర్ సోకింది. మోకాలికి పైవరకు కాలు తీసివేయవలసి వచ్చింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. ఆసుపత్రిలో తనతోపాటు చికిత్స పొందుతున్న చిన్నపిల్లల బాధను అతడు కళ్ళారా చూశాడు. ఈ జబ్బుపై పరిశోధనకు డబ్బు కావాలి. అందుకోసం దేశాన్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరుగెత్తి దాటాలని నిశ్చయించుకున్నాడు.

తల్లి మొదట ఒప్పుకోలేదు. మన రాష్ట్రం వరకు పరుగెత్తితే చాలదా అని నచ్చజెప్పి చూశారు. క్యాన్సర్ ఈ ఒక్క రాష్ట్రంలోనే లేదు గదా అన్నాడు టెర్రీ. తండ్రి మాత్రం ఎప్పుడు బయలుదేరుతావని అడిగారు. ఆ తల్లి భయాన్ని తప్పుపట్టలేము.

1980 ఏప్రిల్ 12న టెర్రీ తూర్పుతీరంలోని సెయింట్ జాన్స్‌లో తన కృత్రిమకాలిని సముద్రపు నీటిలో తడిపి పరుగు మొదలుపెట్టాడు. కృత్రిమకాలు ముందుకు వచ్చేలోగా మంచికాలిమీద రెండు గంతులు వేయవలసి వచ్చేది. మొండికాలు ఒరుసుకుని పుండ్లు పడేది. అయినా రోజుకు ఇంచుమించు 42 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. మనిషికొక డాలరు ఇవ్వండి అన్నదే అతని కోరిక.

143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు సాగిన ఆ పరుగు సెప్టెంబరు 1న థండర్ బే పట్టణం దగ్గర ఆగిపోయింది. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మర్నాడే ఆ కుటుంబానికి ఒక తంతి వచ్చింది. పంపినవారు ఇసడోర్ షార్ప్ అనే హోటళ్ళ యజమాని. టెర్రీ పేరుతో ఏటేటా పరుగు జరిపిస్తామని ఆయన మాట ఇచ్చారు. ఆయన కొడుకు కూడా 1978లో క్యాన్సర్‌తోనే చనిపోయాడు. ఆ బాధ ఎటువంటిదో ఆయనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు పోగయ్యాయి. దేశజనాభా ఇంచుమించు అంతే! ఆ జూన్ 28న టెర్రీ కన్నుమూశాడు. ఇరవైమూడేళ్ళు నిండడానికి ఇంకా నెలరోజులు ఉంది.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 13న జరిగిన మొదటి స్మారక పరుగులో మూడు లక్షలమంది పాల్గొన్నారు. ఒకనాడు వద్దన్న తల్లే ఇప్పుడు ఆ పరుగును తన భుజాలమీదికి ఎత్తుకున్నారు. బడిబడికీ వెళ్ళి పిల్లలకు కొడుకు సంగతి చెప్పేవారు. వ్యాపార ప్రకటనలకు టెర్రీ తన పరుగులో చోటివ్వలేదు. ఆమె కూడా ఇవ్వలేదు. పేరున్న మనిషి చుట్టూ సరుకులు అమ్ముకునేవారు చేరడం ఎక్కడైనా ఉన్నదే కనుక, ఆ పట్టుదల చిన్నదేమీ కాదు. 2010లో వాంకూవర్ శీతాకాల ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో ఒలింపిక్ పతాకాన్ని మోసినవారిలో ఆమె ఒకరు. మరుసటి సంవత్సరం జూన్‌లో ఆమె మరణించారు.

ఈ పరుగు తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. మనదేశంలో చెన్నైలోని ఐ.ఐ.టి. ఆవరణలో కూడా జరిగింది. ఇందులో పరుగెత్తలేనివారు నడవవచ్చు, చక్రాలకుర్చీలో రావచ్చు. పందెం లేదు, బహుమతి లేదు. ఎవరు ముందు చేరారో ఎవరూ రాసుకోరు.